ఏ నూనెలో వేయించారో బోర్డు మీద రాయించండి: ఆహార భద్రతా అధికారులకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల ఆహార భద్రతా కమిషనర్లకు, ఎఫ్ఎస్ఎస్ఏఐ (భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ) అధికారులకు,

నమస్కారాలు.

నేను గోదావరి జిల్లాల్లో ఒక చిన్న టౌనులో 22 ఏళ్లుగా పిండివంటల కొట్టు నడుపుతున్నాను. చేగోడీలు, జంతికలు, కారప్పూస, గవ్వలు, పండగలకి అరిసెలు, బూరెలు. బయట బోర్డు మీద ‘స్వగృహ’ అని ఉంటుంది గానీ వండేది ఇంటి వెనక రేకుల షెడ్డులో. నేనూ, మా ఆడపడుచూ, పిండి కలపడానికి ఇద్దరు మనుషులూ, అంతే. మీ శాఖలో పని ఎక్కువ, మనుషులు తక్కువ అని నాకు తెలుసు. అందుకే ఈ లేఖలో కొత్త చట్టమేదీ అడగడం లేదు. ఉన్న ఒక నిబంధనని గోడకి ఎక్కించమంటున్నాను.

ఆ నిబంధన ఇది. తినుబండారాలు, మిఠాయిలు అమ్మే హోటళ్లు, కొట్లు ఒక నోటీసు బోర్డు పెట్టాలి. నెయ్యితో చేసినవి ఏవి, వంటనూనెతో చేసినవి ఏవి, వనస్పతితో (డాల్డా లాంటి గట్టి కొవ్వుతో) చేసినవి ఏవి, వేరే కొవ్వులతో చేసినవి ఏవి అని విడివిడిగా జాబితాలు రాసి, కొనేవాళ్లకి కనపడేలా ఉంచాలి. లైసెన్సు తీసుకునేటప్పుడు మేమంతా సంతకం పెట్టి ఒప్పుకునే షరతుల్లో ఇదొకటి. ఈ 22 ఏళ్లలో మా బజారులో అలాంటి బోర్డు నేనెక్కడా చూడలేదు. పోయినేడాది దాకా నా కొట్టులోనూ లేదు. లైసెన్సు నంబరు 14 అంకెలూ తప్పు లేకుండా రాయించాం, ‘అప్పు లేదు’ అని పెద్దక్షరాలతో రాయించాం, ఇది మాత్రం ఎవరూ అడగలేదు, మేమూ పెట్టలేదు.

బహిరంగంగా ఎందుకు రాయాల్సి వచ్చిందో చెబుతాను. పోయినేడాది సంక్రాంతికి ముందు మా బజారులో రెండు కొట్లు ‘స్వచ్ఛమైన వేరుశనగ నూనెతో చేసినవి’ అని ఫ్లెక్సీలు కట్టాయి. కిలోకి నాకంటే 40 రూపాయలు తక్కువ. నూనె డబ్బాలు దింపే ఆటో అబ్బాయి మాకందరికీ ఒకడే కాబట్టి ఎవరింట్లో ఏ డబ్బా దిగుతుందో దాపరికం ఏమీ ఉండదు. అక్కడ దిగుతున్నవి వేరుశనగ బొమ్మ ఉన్న మిశ్రమ నూనె డబ్బాలు, పామోలిన్ (పామాయిల్ నుంచి తీసే నూనె), మధ్యమధ్యలో వనస్పతి. సోమవారం అర్జీల రోజున వెళ్లి, ఎవరి పేరూ రాయకుండా, ‘అన్ని కొట్లలో బోర్డు నిబంధన అమలు చేయించండి’ అని అర్జీ ఇచ్చాను. రసీదు ఇచ్చారు. రెండు నెలల తర్వాత ఫోన్ చేస్తే “అది మీ వ్యాపారం గొడవ కదమ్మా” అన్నారు. రెండో అర్జీ ఇచ్చాక ఒక అధికారి వచ్చారు. వచ్చింది నా కొట్టుకి. నా బాణలిలో నూనె తీసి, నాలుగు భాగాలు చేసి, సీళ్లు వేసి తీసుకెళ్లారు. పనివాళ్లు బెదిరిపోయారు, ఎదురుగా నిలబడ్డ ఖాతాదారులు సర్దుకుని వెళ్లిపోయారు. నమూనా అందిన 14 రోజుల్లో ల్యాబ్ నివేదిక ఇవ్వాలని చట్టంలో ఉంది. ఇప్పటికి ఏడు నెలలు. నా నూనె మంచిదని గానీ చెడ్డదని గానీ నాకు ఎవరూ చెప్పలేదు. మూడో అర్జీ రిజిస్టర్ పోస్టులో పంపాను. అందినట్టు స్టాంపు వేసిన కార్డు తిరిగొచ్చింది. జవాబు అంటే అదే.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఈ లేఖ రాసే అర్హత నాకు ఉండదు. 2022లో యుక్రెయిన్ యుద్ధంతో సన్‌ఫ్లవర్ నూనె కరువైంది, ఏప్రిల్ ఆఖర్లో ఇండోనేసియా పామాయిల్ ఎగుమతులు ఆపేసింది. మూడు వారాలు దాటాక మళ్లీ వదిలారు గానీ ఈలోపు అన్ని నూనెల ధరలూ కొండెక్కి కూర్చున్నాయి. అప్పుడు నేను కూడా వేరుశనగ నూనెలో పామోలిన్ కలిపాను. సగానికి సగం. కొట్టు ముందు ‘వేరుశనగ నూనె’ అన్న అక్షరాలు మాత్రం చెరపలేదు. ఎనిమిది నెలలు అలాగే నడిపాను. పామోలిన్ వాడటం తప్పు కాదు. అది విషమూ కాదు. రేషన్ షాపుల్లో ఇచ్చిన నూనే, మన ఏలూరు, అశ్వారావుపేట చుట్టుపక్కల తోటల్లో పండుతున్న గెలల నూనే. ఆ ఎనిమిది నెలలు నన్ను నిద్రపోనివ్వనిది ఆ చెరపని అక్షరాలే. మా వీధిలో స్టెంటు వేయించుకున్న ఒక మాస్టారు ‘నీ దగ్గరైతే నమ్మకం అమ్మా’ అని వారానికి పావుకిలో కారప్పూస తీసుకెళ్లేవారు. ఆయనకి నేను అబద్ధం చెప్పలేదు, నా గోడ చెప్పింది.

ఇప్పుడు అసలు విషయం. బోర్డు లేకపోవడం వల్ల జనానికి ఏమవుతోందో వండేదాన్ని కాబట్టి లోపలి నుంచి చెబుతాను.

1. డబ్బా మీద బొమ్మ ఒకటి, లోపల ఇంకొకటి. రెండు నూనెలు కలిపి అమ్మడం మన దేశంలో చట్టబద్ధమే. కలిపిన ప్రతి నూనే బరువులో కనీసం 20 శాతం ఉండాలి, ఏది ఎంత శాతమో డబ్బా మీద రాయాలి. అంటే 80 పాళ్లు పామోలిన్, 20 పాళ్లు వేరుశనగ ఉన్నా అది సరైన సరుకే. ముందువైపు వేరుశనగ కాయల బొమ్మ అరచేయంత, వెనకవైపు ఆ శాతాలు చీమ తలకాయంత. నేను తెప్పించిన ఒక డబ్బా మీద చదవడానికి మా ఆడపడుచు కళ్లజోడు కూడా సరిపోలేదు. పోనీ, ఇంట్లోకి ప్యాకెట్ కొనుక్కునేవాళ్లు కళ్లు చిట్లించైనా చదువుతారు. అదే డబ్బా కొట్టులోకి వచ్చి బాణలిలో పడ్డాక ఆ చిన్నక్షరాలు కూడా మాయం. బయట మిగిలేది ‘వేరుశనగ నూనె’ అన్న ఫ్లెక్సీ మాత్రమే.

ఒక మాట అడగాలనుంది. ఉత్తరాది వాళ్లు వాడే ఆవనూనెలో ఇంకే నూనే కలపకూడదని 2021 జూన్ 8 నుంచి నిషేధం అమల్లోకి వచ్చింది. మంచి పని. మరి అనంతపురం, కర్నూలు రైతు పండించే వేరుశనగ నూనెకీ, మన నువ్వులనూనెకీ ఆ గౌరవం ఎందుకు లేదు?

2. చేతికి నూనె అంటకపోతే మంచి సరుకు అనుకోవడం. ఇది ఖాతాదారులు రోజూ నాతో అనే మాట: “ఆ కొట్టువాళ్ల చేగోడీలు చూడండి, కాగితం మీద పెడితే మరక కూడా పడదు, మీవేమో నూనె ఓడుతుంటాయి.” వండేవాళ్లకి దీని గుట్టు తెలుసు. వనస్పతి 31 నుంచి 41 డిగ్రీల మధ్య వేడికి కరిగేలా తయారవుతుంది. బాణలిలో నూనెలాగే ఉంటుంది, సరుకు చల్లారాక లోపలే గడ్డకడుతుంది. అందుకే మరక పడదు, చేతికి అంటదు, కరకరలాడుతుంది, నెల రోజులైనా పాతబడ్డ నూనె వాసన రాదు. నూనె తక్కువ పీల్చిందని కాదు, పీల్చిన కొవ్వు పేరుకుపోయిందని. చలికాలంలో గవ్వల మీద తెల్లగా పొడిలాంటిది కనిపిస్తే అది పంచదార పాకమే అనుకోకండి. డాక్టరు ‘నూనె వస్తువులు మానెయ్’ అంటే మరక పడని కొట్టు వెతుక్కుని వెళ్లి మరీ ఇవి కొనుక్కుంటున్నారు.

డాల్డా కొత్తగా వచ్చిన రోజుల్లో దాన్ని నేతిలో కలిపితే పట్టుకోవడం ఎలా అని అప్పటి ప్రభుత్వం ఆలోచించి, వనస్పతిలో 5 శాతం నువ్వులనూనె తప్పకుండా ఉండాలని రూలు పెట్టింది. నేతిని పరీక్షిస్తే ఆ నువ్వులనూనె ఉన్నచోట ఎర్రరంగు తేలేది, దొంగ దొరికేవాడు. అంత ముందుచూపు ఉన్న దేశంలో, చేగోడీ దేనిలో వేగిందో చెప్పే చెక్కముక్కకి దిక్కు లేదు.

3. మరిగి మరిగిన నూనె. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇదే, మిశ్రమాలు వాడటం వల్ల ఇది ఇంకా కనపడకుండా పోతోంది. నూనెని మళ్లీ మళ్లీ కాచే కొద్దీ అందులో పోలార్ సమ్మేళనాలు (నూనె పాడవుతుంటే పుట్టే పదార్థాలు) పెరుగుతాయి. అవి 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని 2018 జూలై 1 నుంచి రూలు ఉంది. అదే ఏడాది ఆగస్టులో, వాడేసిన నూనెని సేకరించి బయోడీజిల్‌కి పంపే రూకో పథకం మీరే మొదలుపెట్టారు. రోజుకి 50 లీటర్లు దాటి వేపుళ్లకి వాడేవాళ్లు లెక్క పుస్తకం పెట్టాలని, పాత నూనెని అనుమతి ఉన్నవాళ్లకే ఇవ్వాలని 2019 మార్చి నుంచి ఇంకో రూలు. కాగితం మీద అంతా బాగుంది.

బాణలి దగ్గర జరిగేది వేరు. ఎవరూ నూనె ‘మార్చరు’. పొద్దున్నే నిన్నటి నూనెలో కొత్తది కలుపుతారు. పది వాయిలు తీసేసరికి మట్టం తగ్గుతుంది, మళ్లీ పోస్తారు. అలా ఆదివారం మొదలైన నూనెలో కొంత శనివారం దాకా ఉంటుంది. ఒక్క వేరుశనగ నూనే అయితే ఇంత మోయదు. రంగు తిరుగుతుంది, నురగ పొంగుతుంది, చిక్కబడుతుంది, పొయ్యి కాస్త పెంచగానే పొగ వస్తుంది, ముక్కుతోనే తెలిసిపోతుంది. దాన్ని మింగెయ్యడానికే వాసన లేని పామోలిన్ పోస్తారు. వాసన పోతుంది, నూనె బాగుపడదు. పెద్ద చోట్ల నల్లబడిన నూనె డబ్బాల్లోకి ఎక్కి సగం ధరకి బజ్జీల బళ్లకి, ఊరి చివర చికెన్ పకోడీ బళ్లకి చేరడం మాలో అందరికీ తెలిసిన వ్యాపారమే. విడి నూనె అమ్మకూడదన్న నిషేధం ఉన్న దేశంలోనే, పొద్దుపోయాక నీళ్ల క్యాన్లలో నూనె తిరుగుతోంది.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో, వేయించగా మిగిలిన నూనెని వడకట్టి కూరలకి వాడుకోవచ్చు, మళ్లీ వేయించడానికి మాత్రం వాడొద్దు, అది కూడా ఒకటి రెండు రోజుల్లో అయిపోవాలి అని చెప్పారు. ఇంట్లో ఇల్లాలు అలాగే చేస్తుంది. ఇల్లు దాటి నాలుగడుగులు వేస్తే ఆ మాట ఎవరికీ పట్టదు.

4. ‘ట్రాన్స్ ఫ్యాట్ లేదు’ అన్న ధైర్యం. ట్రాన్స్ ఫ్యాట్ అంటే నూనెని గట్టిపరిచేటప్పుడు పుట్టే, గుండెకి చేటు చేసే కొవ్వు. నూనెల్లో, కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ 2021 నుంచి 3 శాతానికి, 2022 జనవరి 1 నుంచి 2 శాతానికి మించకూడదని తెచ్చారు. ఒకప్పుడు 10 శాతం దాకా వదిలిన చోట ఇది నిజంగా గొప్ప మార్పు, మీకు చేతులెత్తి నమస్కారం పెట్టాల్సిందే. అయితే ట్రాన్స్ ఫ్యాట్ తీసేసిన చోట చాలాసార్లు వచ్చి కూర్చున్నది పామాయిల్‌తో చేసిన గట్టి కొవ్వులు. పామాయిల్లో దాదాపు సగం సంతృప్త కొవ్వే (ఎక్కువైతే ఇదీ గుండెకి మంచిది కాదు), వేరుశనగ నూనెలో అయితే ఐదో వంతుకి అటూ ఇటూ. ప్యాకెట్ మీద ‘ట్రాన్స్ ఫ్యాట్ లేదు’ అన్న ముద్ర చూసిన తల్లి ఇదేదో గుండెకి మంచిదనుకుని పిల్లాడి డబ్బాలో రెండు గుప్పెళ్లు ఎక్కువ పోస్తోంది.

5. ఎవరు తింటున్నారో చూడండి. ఏసీ హాలులో పిజ్జా తినేవాడికి కనీసం క్యాలరీలు రాసి ఇస్తారు, పది, ఆపైన బ్రాంచీలు ఉన్న హోటళ్లకి ఆ రూలు ఉంది. మా బస్టాండు దగ్గర సాయంత్రం ఏడింటికి నిలబడితే, పొద్దుటి నుంచి ఇటుకలు మోసిన మనిషి నాలుగు మిరపకాయ బజ్జీలూ పొట్లాం మరమరాలతో రాత్రి భోజనం అయిపోయిందనిపించుకుంటాడు. హాస్టల్ పిల్లలకి పునుగులే టిఫిన్. అమెరికాలో ఉన్న పిల్లల కోసం మా దగ్గర ఐదేసి కిలోలు కట్టించుకునే తల్లిదండ్రులు “ఏ నూనె?” అని అడుగుతారు, ఆ అడిగే అలవాటు వాళ్లకి పిల్లలు నేర్పారు. బజ్జీల బండి దగ్గర మనిషి అడగడు. అడగనివాడికి చెప్పడానికే కదా బోర్డు.

ఆ అమెరికాలోనే 1996లో ఒలెస్ట్రా అనే కొవ్వు ప్రత్యామ్నాయంతో చిప్స్ వేయించుకోవడానికి అనుమతి ఇస్తూ, కడుపులో మెలిపెట్టవచ్చు, విరేచనాలు కావచ్చు అని ప్యాకెట్ మీద రాయించారు. 2003లో ఆ హెచ్చరిక అక్కర్లేదని తీసేశారు. ఎవరి వాదన నిజమో తేలడానికి ఏళ్లు పట్టనీ, ఈలోపు కొనేవాడికి ముందు చెప్పారు. మన దగ్గర అలా ముందు చెప్పే అలవాటు ఇంకా రాలేదు.

6. నిజం రాసినవాడికి శిక్ష. ఒక వేరుశనగ నూనె డబ్బాకీ, ఒక పామోలిన్ డబ్బాకీ మధ్య తేడాతో నా దగ్గర పిండి కలిపే మనిషికి ఒక రోజు కూలి ఇవ్వొచ్చు. ఆ తేడా నేను ధరలో వేసుకోవాలి, పక్కవాడు వేసుకోనక్కర్లేదు, ఇద్దరి గోడ మీదా ఒకే మాట. ఇలాగే నడిస్తే ఇంకో రెండేళ్లకి మా బజారులో నిజంగా వేరుశనగ నూనెలో వండేవాళ్లు ఎవరూ మిగలరు. గానుగలు పెట్టుకున్న ఇద్దరు కుర్రాళ్లలో ఒకరు అప్పుడే మూసేశారు.

తిరుమల లడ్డూ నెయ్యి మీద 2024లో సుప్రీంకోర్టు ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. దేవుడి ప్రసాదం కాబట్టి అంత పట్టింపు ఉండాల్సిందే. మనుషులు రోజూ తినే బజ్జీకి కోర్టులు, బృందాలు అడగడం లేదు. సుద్దముక్కతో నాలుగు వరుసలు రాసిన పలక చాలు.

కాబట్టి నేను అడుగుతున్నవి ఇవి:

1. నెయ్యి, నూనె, వనస్పతి, ఇతర కొవ్వుల జాబితా బోర్డు నిబంధనని రెండు రాష్ట్రాల్లోనూ ప్రతి కొట్టులో 90 రోజుల్లో అమలు చేయించండి. ‘వంటనూనె’ అని ఊరికే రాస్తే కుదరదు, నూనె పేరు రాయాలి, మిశ్రమమైతే శాతాలు రాయాలి. తెలుగులో రాయాలి. విడిగా అమ్మే మిఠాయిలకి ‘ఎప్పటిలోగా తినాలి’ అన్న తేదీ పెట్టాలని 2020 అక్టోబరు నుంచి చెప్పారు కదా, పట్నాల్లో కొన్ని కొట్లయినా పెట్టాయి. అంటే గట్టిగా అడిగితే పెడతాం.

2. ప్రతి ఫుడ్ సేఫ్టీ అధికారికి నూనెలో ముంచి అక్కడికక్కడే పోలార్ సమ్మేళనాల శాతం చూసే మీటరు ఇవ్వండి. 25 దాటితే ఆ నూనె అక్కడే పారబోయించండి. మొదటిసారి కేసు వద్దు, రెండోసారి వదలొద్దు.

3. మొదటి తనిఖీలు పెద్ద బాణలుల దగ్గర మొదలుపెట్టండి. పాత నూనె పుట్టేది అక్కడ, బళ్లకి చేరేది అక్కడి నుంచే. రోజుకి మూడు లీటర్లు వాడే బజ్జీల బండి ఆవిడని పట్టుకుని ఫొటో దిగితే పేపర్లో పడుతుంది గానీ సమస్య అక్కడే ఉంటుంది.

4. చిన్నవాళ్ల దగ్గర పాత నూనె కొనే ఏర్పాటు చేయండి. 50 లీటర్లు దాటినవాళ్లకే పథకం అంటే మాలాంటివాళ్లు మిగిలిన నూనె ఎక్కడ పొయ్యాలి? కాలువలో పోస్తే అదో పాపం. వారానికోసారి బండి వచ్చి లీటరుకి ఎంతో కొంత ఇచ్చి తీసుకెళ్తే, ఆశకైనా అందరూ ఇస్తారు.

5. వేరుశనగ, నువ్వుల నూనెల్లో మిశ్రమాల మీద ఆవనూనెకి తీసుకున్న నిర్ణయమే తీసుకోండి. అది మీ చేతుల్లో వెంటనే లేదంటే, మిశ్రమం డబ్బా మీద ఏ నూనె ఎక్కువ ఉందో దాని బొమ్మే ముందు వేయించండి.

6. ఎవరి దగ్గర నమూనా తీసుకుంటే వాళ్లకి నివేదిక ఇవ్వండి, 14 రోజుల్లో. నాది ఏడు నెలలుగా ఎక్కడుందో చెప్పండి. కొనేవాడు కూడా ఫీజు కట్టి ఫుడ్ ఎనలిస్టు (ల్యాబ్‌లో ఆహారం పరీక్షించే అధికారి) దగ్గర సరుకు పరీక్ష చేయించుకోవచ్చని, తప్పు తేలితే ఆ ఫీజు వెనక్కి ఇస్తారని చట్టంలో 40వ సెక్షన్ ఉంది. ఈ సంగతి జనానికి తెలియదు. ఎక్కడ ఇవ్వాలో, ఎంత కట్టాలో ప్రతి మున్సిపల్ ఆఫీసులో రాసి పెట్టండి. ఫోన్లలో తిరిగే ‘నూనెని ఫ్రిజ్‌లో పెట్టి చూడండి’ లాంటి చిట్కాలు నమ్మి జనం మోసపోతున్నారు. బాగా చల్లబడితే మంచి వేరుశనగ నూనె కూడా పేరుకుంటుంది.

7. అర్జీ ఇచ్చినవాళ్ల కొట్టు మీదికే ముందు రావడం మానండి. నా కొట్టు తనిఖీ చేయొద్దనడం లేదు, ఎప్పుడైనా రండి. కాకపోతే ఆ రోజు అదే బజారులో మిగతావాళ్లవి కూడా చూడండి.

మీ జవాబు నాకు ఒక్కదానికే పంపక్కర్లేదు, బహిరంగంగానే ఇవ్వండి. తోటి వ్యాపారులకి ఒక మాట: మీ మీద నాకు పగ లేదు, పామోలిన్ వాడండి, వనస్పతి వాడండి, రాసి వాడండి. ధర తక్కువ కాబట్టి కొనేవాళ్లు అప్పుడూ కొంటారు.

సంక్రాంతి తర్వాత నా కొట్టు గోడ మీద పాత అక్షరాలు చెరిపేసి బోర్డు పెట్టాను. మాస్టారు కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి, కారప్పూస వైపు చూసి, “ఇన్నాళ్లూ ఇదేనా?” అని అడిగారు. 2022 సంగతి ఆయనకి చెప్పాను. ఆ వారం ఏమీ కొనలేదు. మూడో వారం మళ్లీ వచ్చారు. ఈ రోజుకి బోర్డు మీద ఉన్నది ఇది:

వేరుశనగ నూనె: చేగోడీలు, జంతికలు, కారప్పూస, గవ్వలు
నెయ్యి: సున్నుండలు
వేరుశనగ 50 శాతం, పామోలిన్ 50 శాతం: బూరెలు, అరిసెలు (పండగ ఆర్డర్లు)
వనస్పతి: లేదు
ఈ బాణలిలో నూనె పోసిన రోజు: సోమవారం

ఇట్లు,
పిండివంటల కొట్టు యజమానురాలు,
గోదావరి జిల్లాలు